కవరు కనబడితే కత్తెరే

మామయ్యకు మూసి ఉన్న కవరు కనబడకూడదు. కనబడిందా, దాని ఆయుష్షు అక్కడితో సరి. చొక్కా జేబులోంచి బుల్లి కత్తెర తీసి అంచు వెంబడి చకచకా కత్తిరించి, లోపలి కాగితం విప్పి, ఎవరిదైనా సరే చదివేస్తాడు.

ముప్పయ్యయిదేళ్లు పోస్టుమాన్‌గా పనిచేసిన మనిషి. "లక్షల కవర్లు మోశాను. ఒక్కటంటే ఒక్కటి విప్పి చూళ్లేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నా" అనేవాడు. జనం అదే నమ్మారు. కత్తెర మామయ్య అని పేరు పెట్టారు.

పై అంతస్తు ఆయన ఒకరోజు మెట్లు దిగుతుంటే మామయ్య కేకేశాడు.

"ఏమండోయ్! మీ నీళ్ల బిల్లు రెట్టింపొచ్చింది. కుళాయి కారుతోందేమో చూసుకోండి."

"నా బిల్లు మీరెందుకు విప్పారండీ?"

"పొరపాటున మా డబ్బాలో పడింది."

"పడితే? పేరు నాది కదా!"

"పేరు చదివేసరికి కత్తిరించడం అయిపోయింది."

కుళాయి నిజంగానే కారుతోంది. అందుకని ఆయన తిట్టలేక, దణ్ణం పెట్టలేక పైకెళ్లిపోయాడు. "మా ఆయన ఉల్లిపాయను కూడా వదలరమ్మా, లోపలేముందోనని చివరి పొర దాకా ఒలుస్తారు" అని అత్తయ్య నెత్తి కొట్టుకునేది.

ఇలాంటి ఇంట్లో ఉంటూ కవర్లు దాచాలంటే గుండె ధైర్యం కావాలి. మామయ్య దగ్గరే ఉంటున్న మేనకోడలికి అదే లేదు. అయినా దాచింది.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. దుకాణం మరమ్మతులకని మూడు నెలలు మూతపడితే జీతం ఆగింది, క్రెడిట్ కార్డు నడిచింది. మళ్లీ తలుపులు తెరిచేసరికి బాకీ కొండంతయింది. ఒక నెల కట్టలేదు. రెండో నెల కట్టలేదు. ఆ తర్వాత బ్యాంకు కవరు వస్తే విప్పడమే మానేసింది. మామయ్య కంటే ముందే పోస్టు డబ్బా దగ్గరికి పరుగెత్తి, తీసుకొచ్చి మంచం కింద చెప్పుల పెట్టెలో పడేసేది. పనిలో ఉండగా ఫోను మోగితే బ్యాంకేమోనని అద్దం జారవిడిచేది. నెలలో నాలుగు అద్దాలు పగిలాయి. "చేతులా, తమలపాకులా?" అన్నాడు దుకాణం యజమాని.

అలా దాచడం మొదలెట్టిన ఐదో నెలలో ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మామయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పదకొండు కవర్లు, అంచులు కత్తిరించి, తేదీల వారీగా పేర్చి ఉన్నాయి.

"మామయ్యా, అవి నావి."

"తెలుసమ్మడూ. ఈసారి పేరు ముందే చదివాను. ఇలా కూర్చో."

తిడతాడనుకుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక కాగితం ముందుకు జరిపాడు.

"మిగతా పదీ అరుస్తున్నాయి. ఇదొక్కటే మాట్లాడుకుందాం రమ్మంటోంది. బుధవారంలోగా ఫోన్ చేస్తే ఆలస్యం రుసుములు తీసేసి, మిగతాది వాయిదాలుగా కట్టనిస్తారట. ఇవాళ సోమవారం."

"నేను మాట్లాడలేను మామయ్యా. అరుస్తారు."

"అరిస్తే నాకివ్వు. వాళ్లడ్రసు కనుక్కుని వాళ్ల కవర్లు కూడా విప్పేస్తా."

ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆరకముందే నంబరు నొక్కింది. అవతల ఒకావిడ ఓపిగ్గా విన్నది. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత అని అడిగింది. కార్డు రద్దవుతుందని, కొన్నేళ్ల వరకు కొత్త అప్పు పుట్టడం కష్టమని కూడా దాచకుండా చెప్పింది. ఇరవైనాలుగు వాయిదాలు. ఒక్కొక్కటీ జీతంలో ఆరో వంతు.

ఫోన్ పెట్టేశాక మేనకోడలు ఒక పెద్ద ఊపిరి వదిలింది. ఐదు నెలలుగా లోపలే బిగబట్టిన ఊపిరది. అన్నం పెట్టించుకుని రెండుసార్లు మారు వేయించుకుంది.

వడ్డిస్తూ అత్తయ్య మెల్లగా అంది.

"మీ మామయ్య రిటైరై ఆరేళ్లయింది. ఈ కత్తెర పిచ్చి ఎప్పుడు పట్టిందో గుర్తుందా?"

మేనకోడలు వేళ్లు మడిచింది. ఐదు నెలలు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఊడుస్తుంటే నీ చెప్పుల పెట్టె బయటపడింది. అడుగుతానంటే వద్దన్నారు. 'అడిగితే బెదిరిపోతుంది. అందరివీ విప్పుతూ ఉంటే, రేపు దానివి విప్పినా దానికి తలవంపులుండవు' అన్నారు. నీ అంతట నువ్వే తెస్తావేమోనని ఇన్నాళ్లూ ఆగారు. మొన్న ఆ పెట్టెలో ఎర్రగీత కవరు కనబడింది, అంటే ఆఖరి హెచ్చరికేనట. ఇక ఆగకూడదన్నారు."

ఆమె చెయ్యి కడుక్కుని వరండాలోకి పరుగెత్తింది.

"ఇదంతా నా కోసమా మామయ్యా?"

"అంత తెలివి నాకెక్కడిదమ్మా! మీ అత్తయ్యవన్నీ కథలు."

"సరే, ఇక మానెయ్యొచ్చు కదా?"

ఆయన తల గోక్కున్నాడు. "మొదట్లో నటనే అమ్మడూ. ఇప్పుడు నిజంగానే పట్టుకుంది."

అంతలో గేటు చప్పుడైంది. వీధి చివరి మెకానిక్, నూనె చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి, మూసి ఉన్న కవరొకటి అందించాడు.

"పది రోజుల్నుంచి ఇంట్లో ఉందండీ. నాకు ధైర్యం చాలట్లేదు. కాస్త మీరే విప్పి పెడతారా?"

మామయ్య మేనకోడలి వైపు చూశాడు. ఆమె కుర్చీ తెచ్చి మెకానిక్‌కు వేసింది.