ఇల్లు మూయనన్న సిస్టర్ ఫిలోమినా

గత మంగళవారం ఉదయం, మా స్కూల్లో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళుతుండగా నా ఫోన్ మోగింది. డాలీగంజ్ మఠం హాస్టల్లో ఉండే పెద్దమ్మాయి సునీత. "మేడం, సిస్టర్ పలకడం లేదు. జల్దీ రండి" అంది. ఆటో పట్టుకుని నేను చేరేసరికే డాక్టరు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడట. ఎనభై ఒకటో ఏట, చర్చిలో దివ్యపూజకు బయలుదేరబోతూ, ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోది తొడుక్కోకుండానే, కూర్చున్న కుర్చీలోనే సిస్టర్ ఫిలోమినా ప్రభు సన్నిధికి చేరుకున్నారు. ఆ దుర్వార్త పదిమందికీ ఫోన్లు చేసి చెప్పింది నేనే. చెబుతున్న నాకే నమ్మకం లేదు. ఎవరు వెళ్లమన్నా వెళ్లని మనిషి, ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుందా?

శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార కుటుంబంలో జన్మించి, మఠకన్యగా వ్రతాల మాటపట్టు తీసుకుని, ఇరవై నాలుగో ఏట ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన ధీర ఆమె. అప్పట్లో ఆ మఠంలో ఏడుగురు సిస్టర్లు. దూరపు దీవుల నుంచి చదువుకోసం వచ్చే ఆడపిల్లలకు కూడు, నీడ, విద్య ప్రసాదించడమే వారి వ్రతం. కాలక్రమాన ఇద్దరు గతించారు. నలుగురిని వార్ధక్యం, వ్యాధులు మెయిన్‌లాండ్‌కు తరలించాయి. కొత్తగా వచ్చినవారు లేరు. గత తొమ్మిదేళ్లుగా మఠమంటే ఫిలోమినా ఒక్కరే, ఆమె చుట్టూ పదకొండు మంది పిల్లలు. ఈవిడ పోతే ఆ పిల్లల గతేమిటన్న ప్రశ్న మా అందరి మనసుల్లోనూ ఉంది. పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

నేను క్రైస్తవురాలిని కాను. జంగ్లీఘాట్‌లో కిరాణా కొట్టు నడిపిన ఇంటి పిల్లను. ఎనిమిదేళ్ల వయసులో లెక్కల ట్యూషన్‌కని నాన్న నన్ను సిస్టర్ దగ్గర దింపాడు. ఆవిడ నాతో మాట్లాడి, నాకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదని తెలుసుకుని లెక్కల పుస్తకం మూసేశారు. "హిందీ బజారు నేర్పేస్తాది, ఇంగ్లీషు ఆఫీసు నేర్పేస్తాది. తెలుగు మాత్రం కుదురుగా కూకుంటేనే వస్తాదే గుంటా. కూకో!" అన్నారు. ఆవేళ కూర్చోబెట్టకపోతే ఈ వ్యాసం నేను రాసి ఉండేదాన్నే కాదు.

ఆమె శాంతమూర్తి అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. సిస్టర్‌కు కోపం ముక్కు మీద ఉండేది. ఒక ఎండాకాలం నీళ్ల ట్యాంకరు మఠం దగ్గర ఆగడం మానేసింది. లోపల ఉన్నది ఒక్క ముసలావిడేనని డ్రైవరు అనుకున్నాడు. మర్నాడు సిస్టర్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నడిరోడ్డు మీద వేసుకుని, జపమాల తిప్పుతూ కూర్చున్నారు. ట్యాంకరు ఆగింది. "హటో దీదీ, ఏక్ ఆద్మీ కే లియే గాడీ నహీ రుకేగా" అంటూ, ఒక్క మనిషి కోసం బండి ఆగదని అరిచాడతను. "ఏక్ నహీ భయ్యా, బారహ్ హై! గిన్ లో!" అంటూ, పన్నెండు మందినీ లెక్కపెట్టుకోమని చప్పట్లు కొట్టారు సిస్టర్. పదకొండు మంది పిల్లలూ బిందెలతో బయటికొచ్చి వరుసగా నిలబడ్డారు. అతను నిజంగానే లెక్కపెట్టుకుని నవ్వేశాడు. ఆ తరవాత ట్యాంకరు ఏనాడూ తప్పిపోలేదు.

సన్యాసిని అయినవారికి విధేయత ఒక వ్రతం. పెద్దలు కదలమంటే కదలాలి. "పని ముగియగానే ఇల్లు మూసి, ఇక్కడి వృద్ధాశ్రమానికి రండి" అని మెయిన్‌లాండ్‌లో వారి మఠాలన్నిటికీ పెద్దయిన మదర్ ఏటా ఉత్తరం రాసేవారు. సిస్టర్ ఏటా జవాబిచ్చేవారు. జవాబంటే పదకొండు మంది పిల్లల పేర్లు, వాళ్ల తరగతులు, కింద ఒకే వాక్యం: "వీరిలో ఎవరి పని ముగిసిందో తెలుపగలరు." ఆ ఉత్తరాలు పోస్టు చేసింది నేనే. "ఇది విధేయతేనా సిస్టర్?" అని ఒకసారి అడిగాను. "ముగిసాక రమ్మన్నారు. ముగిసాకే ఎలతాను. ఇంతకన్నా ఇదేయత ఏటుంటాదే?" అన్నారు, ముఖం ఏమాత్రం మార్చకుండా.

మఠాలు ఖాళీ అయిపోతున్నాయని జాలిపడేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. ఒకరోజు డైరీ ఫార్మ్ పేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఈ కాలం ఆడపిల్లలకు భక్తి లేదు సిస్టర్, అందుకే ఎవరూ చేరట్లేదు" అని నిట్టూర్చాడు. సిస్టర్ కూర తరుగుతున్న కత్తిపీట పక్కకు నెట్టారు. "అప్పట్లో ఆడపిల్ల చదవాలన్నా, నర్సవ్వాలన్నా, పెళ్లొద్దనాలన్నా మా గుమ్మం ఒక్కటే ఉండీది బాబూ. ఇప్పుడు ఆళ్లకి పది గుమ్మాలున్నాయి. ఆ తలుపులు మేమే తీసినాం. దానికి నన్నేడవమంటారేటి?" అన్నారు. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"మరి నన్నెప్పుడూ మఠంలో చేరమని అడగలేదేం?" అని నేను పంతంగా అడిగినప్పుడు, "నీ నోటికి మౌనం పడదే" అని కొట్టిపారేశారు. "మరి మీ నోటికో?" అన్నాను. ఒలమ్మా, ఎంత నవ్వారని! ఆ నవ్వు ఇక ఏ గుమ్మంలోనూ వినబడదంటే నాకు దుఃఖం కంటే ముందు కోపమే వస్తోంది.

గురువారం అంత్యక్రియలు. విశాఖపట్నం నుంచి మదర్‌తో కలిపి నలుగురు సిస్టర్లు విమానంలో వచ్చారు. అందరిలో చిన్నావిడకు అరవై ఎనిమిదేళ్లు. సిస్టర్ శవపేటికను సాటి సిస్టర్లే మోయాలనీ, పురుషులు చెయ్యి వేయరాదనీ వారి మఠకన్యల సభ ఆచారం. నలుగురూ వంగి ఎత్తబోయారు. పెట్టె జానెడు లేచి మళ్లీ నేలకు ఆనింది. ఒక మహత్తర సంప్రదాయం అలా నేలమీద ఆగిపోవడం చూసి గుడంతా తల దించుకుంది. "మన యువకులను పిలుద్దాం మదర్" అన్నారు ఫాదర్, మెల్లగా.

నాకు నెత్తురు ఉడికిపోయింది. "ఆగండి ఫాదర్! మగవాళ్లు మోయకూడదనేగా ఆచారం? మేము ఆడవాళ్లం కామా?" అన్నాను. "మీరు మా సభవారు కారు కదమ్మా" అన్నారు మదర్. "ఈవిడ చేతి అన్నం తిన్నాం మదర్, చాలదా?" అన్నాను. ఆవిడ తన చేతిని పెట్టె మీద నుంచి తీసి నా భుజం మీద వేశారు. ఆరుగురం వెళ్లాం: ఒక నర్సు, ఒక హార్బర్ ఆఫీసు క్లర్కు, ఒక చేపలమ్మే మనిషి, ఇద్దరు గృహిణులు, నేను. ట్యూషన్‌కొచ్చిన నాతో సహా అందరమూ ఆ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లమే. తెలియక తలవైపు ముందుకు పెట్టి ఎత్తేశాం. కాళ్లు ముందుండాలట. దిగువ దారి మొదట్లో మదర్ నా చెవిలో చెబితే, ఆ వాలులోనే గుండ్రంగా తిరిగాం. సిస్టర్ ఉంటే మమ్మల్ని ఎంతెంత తిట్టేవారో!

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో మదర్ అన్నారు: "నెలాఖరుకు పిల్లల ఇళ్లకు కబురు పంపండి. సిస్టర్ లేకుండా మఠం ఉండదు. పంపడానికి నా దగ్గర మనుషులు లేరమ్మా." ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. ఆవిడను నేను తప్పుపట్టను. "మఠం ఉండదు, నిజమే. హాస్టల్ ఎందుకుండకూడదు?" అన్నాను. "ఎవరు చూస్తారు?" "మేము ఆరుగురం. వంతులు వేసుకుంటాం. మొదటి వంతు నాది." మదర్ కళ్లు తుడుచుకుని, "పరీక్షలయ్యే దాకా ఉండనివ్వండి. తరవాత ఆలోచిద్దాం" అన్నారు. ఆలోచించుకోనివ్వండి. మేమూ ఆలోచిస్తాం.

అట్టి త్యాగమూర్తులను కన్న కాలం గతించింది. ఆ స్థానం భర్తీ అవుతుందని నేను అబద్ధం చెప్పను. మేము సన్యాసినులం కాము, సంసారాలున్నవాళ్లం, అలసిపోయేవాళ్లం. ఆ పుణ్యశీలకు అంజలి ఘటించడానికి పూలదండలు చాలవు, ఆ తలుపు తెరిచి ఉంచాలి.

నిన్న సాయంత్రం మాయాబందర్ నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. తెలుగతనే. "సిస్టర్ పోయారట కదా మేడం. మా చిన్నదాన్ని ఈ ఏడు పంపుదామనుకున్నాం. హాస్టల్ బంద్ చేసేస్తన్నారేటి?" అన్నాడు.

"ఎవడన్నాడు? పంపండి భయ్యా, మంచం ఖాళీగా ఉంది" అన్నాను.

ఖాళీగా ఉన్నది సిస్టర్ మంచమే. ఫోన్ పెట్టేసి, పాత పక్క తీసి, దాని మీద కొత్త దుప్పటి పరిచాను. అప్పటిదాకా రాని ఏడుపు, దుప్పటి అంచులు సర్దుతుంటే వచ్చింది.