కంకణం లేని చెయ్యి

మాది రైల్వే ఊరు. పగలూ రాత్రీ బళ్ళు వస్తూ పోతూనే ఉంటాయి, మాకు ఆ చప్పుడు వినపడనే వినపడదు. కానీ ఆ ఫోటో మాట ఎవరైనా ఎత్తితే చాలు, నా గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. ఏళ్ళుగా ఇదే వరస. నేను ఎవర్నీ చంపలేదు, ఎవరింట్లోనూ దొంగతనం చెయ్యలేదు. ఒక్క మాట అన్నాను. ఆ ఒక్క మాటనీ మోసుకుంటూనే పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, పిల్లలకి ఫోటోలు తియ్యడం నేర్పుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అంటారా? చెప్పక తప్పని రోజు వచ్చిపడింది. స్టేషన్‌కి అవతలి పక్కన ఉన్న చిన్న గ్యాలరీ వాళ్ళు పోయిన వారం ఫోన్ చేశారు. మా కాలేజీలో ఫోటో జర్నలిజం చదివిన పాత విద్యార్థుల ఫోటోలన్నీ మళ్ళీ ఒకసారి గోడలకెక్కిస్తారట. "దీదీ, మీ ఫోటో అయితే గుమ్మానికి ఎదురుగా!" అంది ఫోన్ చేసిన అమ్మాయి సంబరంగా. నేను ఠీక్ హై అన్నాను. ఠీక్ ఏమిటి, నా మొహం! 

ఆ ఫోటోలో ఉన్నది పైడమ్మత్త. రక్తసంబంధం ఏమీ లేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ. మా నాన్నా, ఆవిడ భర్తా వర్క్‌షాపులో పనిచేసేవారు. రెండూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. చిన్నప్పుడు నాకు ఒంటి నిండా అమ్మవారు పోసింది. మా అమ్మ అప్పుడు నిండు నెలల మనిషి. నన్ను తన ఇంటికి ఎత్తుకుపోయి వేపాకుల మీద పడుకోబెట్టుకున్నది పైడమ్మత్తే. దురద తట్టుకోలేక నేను ఏడుస్తుంటే వేప మండతో ఒళ్ళంతా మెల్లగా రాస్తూ పక్కనే కూర్చునేది. విసుక్కున్న గుర్తు ఒక్కటీ లేదు.

మిగతా రోజుల్లో ఆవిడ ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముకునే మామూలు మనిషి. మా తెలుగువాళ్ళం ఏటా చేసుకునే అమ్మవారి పండగలో మాత్రం ఘటం ఎత్తేది ఆవిడే. పసుపు చీర, విరబోసుకున్న జుట్టు, తలమీద ఘటం, చేతికి కంకణం. డప్పులు ఊపందుకుంటే పూనకం వచ్చేది. ఊరేగింపు ఇంటింటి ముందూ ఆగేది. ఆడవాళ్ళు ఆవిడ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, పిల్ల పెళ్ళి గురించో మొగుడి జ్వరం గురించో అడిగేవారు, అమ్మ పలికేది. ఏడాది పొడుగునా పిల్లలకి ఒళ్ళు వెచ్చబడినా మా వాడవాళ్ళు ముందు ఆవిడ గుమ్మంలోకే తీసుకెళ్ళేవారు. ఇదంతా మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. నేను నమ్మేదాన్నా? ఏమో. భయపడేదాన్ని, అదొక్కటీ నిజం.

కాలేజీలో మా సర్ బెంగాలీ ఆయన, మంచివాడే గానీ ముక్కుసూటి మనిషి. ఉన్నది ఉన్నట్టు తియ్యండి, ఎవర్నీ కూర్చోబెట్టి నటించమనకండి అని మొదటి క్లాసులోనే చెప్పారు. అలా తీసినట్టు తెలిస్తే ఆ ఫోటోని అందరి ఎదుటా ఎగ్జిబిషన్ గోడ మీంచి దింపేస్తానన్నారు. నేను ముందు బెంచీలో కూర్చుని బుద్ధిగా తల ఊపాను.

ఆ ఏడు పండగ ఆఖరిరోజున కాలేజీ కెమెరా మెడలో వేసుకుని ఊరేగింపు వెంట నడిచాను. మా వాడ పండగని గ్యాలరీ గోడ మీద చూపించాలని నా ఆశ. తీరా పూనకం వచ్చేసరికి నాకే చేతులు వణికాయి. జనం తోసేశారు. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్క ఫోటో కుదురుగా లేదు, అన్నీ పసుపు మరకలు, ఎవరివో మోచేతులు. క్లాసులో మిగిలినవాళ్ళందరూ ఎగ్జిబిషన్‌కి ఫోటోలు అప్పటికే ఇచ్చేశారు. ప్లాట్‌ఫారం మీద కూలీలు, వానలో టోటోలనే బ్యాటరీ రిక్షాలు, వర్క్‌షాపు గేటు ముందు సైకిళ్ళు. నా దగ్గర చూపించుకోవడానికి ఏమీ లేదు. ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్న పైడమ్మత్త పెరట్లో ఇడ్లీ రేకులు తోముకుంటోంది. వెళ్ళి అడిగాను. నిన్న పూనకంలో ఉన్నట్టే ఒక్కసారి కూర్చో అత్తా, కళ్ళు మూసుకుంటే చాలు అని. ఆవిడ ముందు నవ్వింది. నేను వేళాకోళానికి అడగడం లేదని తెలిశాక నవ్వు ఆపేసింది. పిలిస్తే వచ్చేది కాదని, దాంతో ఆటలాడకూడదని మెల్లగా చెప్పింది. నేను బతిమాలాను. తరవాత ఏడిచాను. దొంగ ఏడుపు కాదు, నిజంగానే వచ్చింది. కానీ నేను ఏడిస్తే ఆవిడ కరిగిపోతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసే ఏడిచానా? ఎన్నిసార్లు ఈ ప్రశ్న వేసుకున్నానో, జవాబు ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది, ఏ రోజు వచ్చిన జవాబుతోనూ నాకు మనశ్శాంతి లేదు.

చివరికి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ముందురోజు చీరే మళ్ళీ కట్టుకుని, జుట్టు విప్పుకుని, వేప మండ పట్టుకుని గోడవారన కూర్చుంది. ఎండ ఏటవాలుగా ముఖం మీద పడుతోంది. నేను కెమెరా ఎత్తాను. అప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ వేప మండతోనే చేతులు జోడించి, పెదవులు వణుకుతుంటే ఏదో గొణిగింది. గొణిగిందే అయినా నాకు స్పష్టంగా వినపడింది.

"తల్లీ, పిల్ల అడిగినాది. తెలీక అడిగినాది. దాన్నేటీ అనకు."

ఆ క్షణంలోనే మీట నొక్కాను.

అదీ ఆ ఫోటో. అందరూ మెచ్చుకున్న ఫోటో. దేవత ఆవహించిన ముఖం అన్నారు, ఇంత నిజమైన ముఖం ఎలా దొరికిందీ అన్నారు. ఆ ముఖంలో ఉన్నది పూనకం కాదండీ. నాకేమైనా కీడు జరుగుతుందేమోనన్న భయం. ఆ భయం మాత్రం నిజం. ఫోటో బాగా వచ్చింది అందుకే. ఇది నిన్నటివరకూ నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

నా ఫోటోకే మొదటి బహుమతి వచ్చింది. మా వాడ ఆడవాళ్ళంతా మంచి చీరలు కట్టుకుని, టోటోల్లో కిక్కిరిసి గ్యాలరీకి వచ్చారు. మన పిల్ల, మన పండగ అని వాళ్ళ మురిపెం అంతా ఇంతా కాదు. పైడమ్మత్త అందరికన్నా వెనక, సిగ్గుపడుతూ వచ్చింది. పండగ ఏర్పాట్లన్నీ చూసే పెద్దావిడ సత్యవతత్త ఫోటో దగ్గరికంటా వెళ్ళింది. కళ్ళజోడు సర్దుకుంది. చాలాసేపు చూసింది.

"ఏటే పైడమ్మా, సేతికి కంకణం ఏదే?"

మా పద్ధతి మీకు చెప్పాలి. పండగ మొదలైన రోజు ఘటం ఎత్తే మనిషికి కంకణం కడతారు. అమ్మవారిని సాగనంపిన సాయంత్రం విప్పేస్తారు. విప్పాక మళ్ళీ ఏడాది వరకూ అమ్మ ఒంటిమీదికి రాదు. వచ్చినట్టు ఊగితే అది దొంగ పూనకం. ఈ సంగతి మా సర్‌కి తెలీదు, బహుమతి ఇచ్చినవాళ్ళకి తెలీదు. నాకు తెలియాలి కదా! ఆ వాడలో పుట్టి పెరిగినదాన్ని. వెలుగు చూసుకున్నాను, ముఖం చూసుకున్నాను, బోసిగా ఉన్న ఆ చెయ్యి చూడలేదు.

పైడమ్మత్త నా వైపు చూసింది. సత్యవతత్త కూడా నా వైపే తిరిగింది.

"నువ్వు సెప్పు పాపా. పండగనాడు తీసినావా, తరవాత తీసినావా?"

సర్ నా పక్కనే ఉన్నారు. ఆయనకి తెలుగు ముక్క రాదు. "ఉని కీ బోల్‌ఛేన్?" అని నన్నే అడిగారు, ఆవిడ ఏమంటోందని. చూశారా, నిజం చెప్పడానికి నాకు దారి ఉంది. తెలుగులో చెప్పేసి ఉంటే ఆయనకి అర్థమయ్యేది కాదు. కానీ మా ఊళ్ళో తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ రానివాళ్ళు ఎంతమంది? ఎవరో ఒకరు ఆయన చెవిన వేస్తారు. అందరి ముందూ ఫోటో దింపేస్తారు.  నా పాపిష్టి నోరు గడగడా పలికింది.

"తరవాతే అత్తా. నానెళ్ళేసరికి ఆవిడ అలాగే ఊగతా ఉంది. నానేటీ అడగలేదు. తీసినాను, అంతే."

అదీ ఆ మాట. 

"ఓలమ్మో!" అంది సత్యవతత్త. "అయితే ఇన్నేళ్ళూ మా ముందర ఏసినవి కూడా ఇలాటి ఏసాలేనా?"

పైడమ్మత్త కాదనలేదు. నా మీద చెప్పలేదు. ఒక్క మాట చాలు, ఈ పిల్లే ఏడిచి కూర్చోబెట్టింది అని. అనలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, "పిల్లకేటి తెలుస్తాది. దాన్నేటీ అనకండి," అంది. ముందు అమ్మవారితో అన్న మాటే.  ఫోటో చాలా బాగుందంటున్నారు సర్ అని బెంగాలీలో చెప్పాను. ఆయన నవ్వి, సత్యవతత్తకి నమస్కారం పెట్టారు.

మరుసటి ఏడు ఘటం వేరే ఆవిడ తలమీద పెట్టారు. పైడమ్మత్తని ఎవరూ తిట్టలేదు, వెలివెయ్యలేదు. అడగడం మానేశారు, అంతే. ఒళ్ళు వెచ్చబడిన పిల్లల్ని ఆవిడ గుమ్మం దాటించి నేరుగా రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయేవారు. ఊరేగింపు ఆవిడ ఇంటి ముందు ఆగినప్పుడు పసుపునీళ్ళ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది, ఆ కొత్తావిడ కాళ్ళు కడిగి దణ్ణం పెట్టుకుంది. నేను మా గుమ్మంలోనే ఉన్నాను. కెమెరా మెడలోనే ఉంది. ఎత్తడానికి మొహం చెల్లలేదు.

నన్ను ఎక్కువగా తినేస్తున్నది అది కూడా కాదు. ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అడగకపోవడం. ఇడ్లీలు పంపడం మానలేదు. నా పెళ్ళికి అందరికన్నా ముందొచ్చి పసుపు దంచింది. నా కూతురికి అమ్మవారు పోస్తే ఊళ్ళోనే ఖరిదా పేటలో ఉన్న మా ఇంటికి వేపాకులు పట్టుకొచ్చింది. గుమ్మం బయటే ఆగి, "నాను లోపలికి రావచ్చా పాపా?" అంది. నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తిట్టి ఉంటే తిట్టు తిని బతికేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి ఆ మాట ఎత్తబోతే, ఆవిడ చట్నీలో ఉప్పు గురించి మాట్లాడింది. తప్పించిందా? నిజంగా ఉప్పు గురించేనా? నాకు తెలీదు.

ఇంకో భయం కూడా ఉంది, చెప్పేస్తాను. అందరూ దొంగ పూనకం అంటూ ఉంటే, ఆవిడ కూడా నమ్మేసిందేమో. తన ఒంటిమీదికి ఏనాడూ ఎవరూ రాలేదేమో అని ఆవిడకే అనుమానం వచ్చిందేమో. అదే గనక జరిగి ఉంటే నేను తీసుకున్నది ఘటం ఒక్కటే కాదు.

గ్యాలరీ సంగతి ఎవరు చెప్పారో ఆవిడకి చెప్పేశారు. కొడుక్కి కూడా రైల్వేలోనే ఉద్యోగం, అందుకని ఇంకా సెటిల్‌మెంట్‌లోనే ఉంటోంది. మొన్న వెళితే, కళ్ళ ఆపరేషన్ అయ్యాక అన్నీ బాగా కనిపిస్తున్నాయని, అప్పుడు సిగ్గుతో ఆ ఫోటో సరిగ్గా చూడనేలేదని, తనని కూడా టోటోలో తీసుకెళ్ళమని అడిగింది. సత్యవతత్త కూడా వస్తుందట. ఇద్దరూ ముసలివాళ్ళైపోయారు. ఒకే టోటోలో వస్తారట! నేను తల ఊపి వచ్చేశాను. 

ఫోటో ఇవ్వనని చెప్పెయ్యాలనుకున్నాను. జ్వరమని పడుకోవాలనుకున్నాను. నిన్న మాత్రం గ్యాలరీకి వెళ్ళి ఫోటో కింద పెట్టే కాగితం మార్చమన్నాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. మా సర్‌కి ఫోన్ చేసి చెప్పాను. రిటైరయ్యారు. అంతా విని ఫోన్ పెట్టేశారు. ఫోటో గోడ మీద ఉంచుతారో, అప్పుడు అన్నట్టే దింపేస్తారో తెలీదు. నా క్లాసు పిల్లలు కూడా వస్తారు. మా అమ్మాయి కూడా వస్తుంది.

కొత్త కాగితం మీద ఇలా రాశాను. ఇది పండగనాటి ఫోటో కాదు. ఈమెకి అప్పుడు పూనకం లేదు. వద్దంటున్నా వినకుండా, ఏడిచి, నేను కూర్చోబెట్టాను. అడగలేదని అందరి ముందూ అబద్ధం చెప్పాను.

రాశాక కాసేపు ఊపిరి తేలిగ్గా ఆడింది, ఆ మాట దాచను. క్షమిస్తారని కాదు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. ఆ మాట నా లోపల లేదు, బయట ఉంది, అంతే.

పైడమ్మత్తకి చదవడం రాదు. నేనే పక్కన నిలబడి పైకి చదవాలి, సత్యవతత్త వింటూ ఉండగా. నేను మధ్యలో ఆగితే ఆవిడ ఊరుకోదు. పిల్లకేటి తెలుస్తాది, దాన్నేటీ అనకండి అని మళ్ళీ అడ్డుపడుతుంది. ఆవిడ ఆ మాట అనకముందే నేను చదవడం పూర్తి చెయ్యాలి.