జలగల అధ్యాయం

చోడవరంలో బస్సెక్కి, మలేషియా అడవులకు వెళ్లేముందు తప్పక చదవమని టూరు వాళ్లు చెప్పిన పుస్తకం తెరిచాను. జలగల అధ్యాయం దాటి చదవలేకపోయాను. నేను రానని చెప్పేద్దామని ఫోన్ తీశాను.

పక్క సీట్లోని ముసలావిడ పేజీలో బొమ్మ చూసి నవ్వింది.

"జెలగని సూసేనేటి బాబూ, అలగ బిగుసుకుపోనావు? మా వడ్డాదిలో ఊడుపులప్పుడు రోజూ కాళ్లకి పట్టేస్తాయి. కూసింత సున్నం రాస్తే అదే ఊడిపోద్ది."

రొంటిన దోపుకున్న సంచిలోంచి సున్నం డబ్బీ తీసి నా చేతిలో పెట్టి, సబ్బవరంలో దిగిపోయింది. ప్రాణం కుదుటపడి ఫోన్ జేబులో పెట్టేశాను.

అడవికి అందరూ ఆ పుస్తకం చదివే వచ్చారు. మొదటి జలగ పట్టగానే మాత్రం, పుస్తకం ఎవరూ తెరవలేదు. నా డబ్బీ కోసం వరస కట్టారు.