వాన పాట కోసం వచ్చిన పిల్ల

హైదరాబాదులో చదువుకునే జపాన్ పిల్ల ఒకామె, మా ఊరి వాన పాట మీద డాక్టరేటు చేస్తూ మా ఇంట్లో ఉండింది. వానలు రానప్పుడు రోకలికి కప్పను కట్టి, ఇంటింటికీ తిరుగుతూ పాడే పాట అది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాన పడేటప్పుడు ఆ పాట పాడకూడదు. పాట లేకపోతే ఆమె చదువు పూర్తి కాదు.

రోజూ లేస్తూనే మబ్బుల వైపు చూసేది.

“వాన ఉండల్లనా, పోవల్లనా? ఏం మొక్కుకుంటాండావు?” అనేది మా అత్త.

ఆమె నవ్వేది. ఏం కోరుకునేదో నాకిప్పటికీ తెలియదు.

పోయే రోజు, “వచ్చే ఏడు వస్తాను అవ్వా,” అంది.

“రావద్దులే తల్లీ. నీకు పాట దొరకాలంటే మా శెనక్కాయ పైరు ఎండిపోవల్ల,” అంది అత్త.

ఆమె రాలేదు. మరుసటి ఏడు చినుకు లేదు. కప్పను కట్టుకుని వీధిలోకి వచ్చాం.

“ఆ పిల్ల ఉండింటే బాగుండు,” అని ముందుగా అన్నది మా అత్తే.