అరవై తెరల మీద అప్పన్న

ఆ రోజుల్లో కంప్యూటరంటే చెప్పులు బయట విప్పి, లోపలికెళ్లి చూసే వస్తువు. కొత్త శతాబ్దం వచ్చిన ఒకటి రెండేళ్లకే, విశాఖ పోర్టు పక్కన నేను పనిచేసే సరుకు రవాణా కంపెనీలో అవి అరవై అయ్యాయి. (చెప్పులు మాత్రం ఇంకా బయటే ఉండేవి.) ఆ అరవైనీ ఒకచోట నుంచి అదుపు చేయడానికి ఒక సర్వర్ కావాల్సి వచ్చింది. ఏది మంచిదో పరీక్షించే పని ఇద్దరు కాంట్రాక్టు ఉద్యోగుల మీద పడింది. ఒకణ్ణి నేను. రెండోవాడు కంచరపాలెం నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఎప్పుడూ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొడుతూ కూర్చుంటాడని అందరూ 'నల్లతెర' అనేవారు. ఎవరి సర్వర్ నెగ్గితే వాడికి పర్మనెంటు ఉద్యోగం, రెండోవాడు నెలాఖరుకి ఇంటికి. ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకునే కథలో నెగ్గింది నేనే. ఆ కథని ఇవాళ సరిచేస్తున్నాను.

నేను పట్టుకొచ్చింది బీరువా అంత విదేశీ సర్వర్. ముందు వరసగా పచ్చదీపాలు. మౌస్ నొక్కితే చాలు, పనైపోతుంది. దుమ్ము తుడవాలన్నా దాని అనుమతి అడగాలనిపించేది. నల్లతెరది ఒక పాత కంప్యూటర్. మూత లేదు, పక్కన టేబుల్ ఫ్యాను, లోపల ఉచితంగా దొరికే లినక్స్. "పొట్ట తెరిచి కూర్చోబెట్టావేంటి బావా?" అని ఏడిపిస్తే, "ఉక్కపోత్తంది కదేటి, దానికీ గాలాడాల. నీదానికి సొక్కా బాగుంది, పని సూద్దాం" అనేవాడు. చెరో వారం నడిపి చూపించాలి. మొదటి వారం అతనిది. అది ఎంత నిశ్శబ్దంగా గడిచిందంటే, శనివారం మేనేజరుగారు "ఇంతకీ మొదలెట్టాడా?" అని నన్నడిగారు.

సోమవారం నా వంతు. మేనేజరుగారికి సింహాచలం అప్పన్న అంటే ప్రాణం. అందుకని నేనొక ఎత్తు వేశాను. స్వామి ఫోటోని స్టూడియోలో వీలైనంత పెద్దగా స్కాన్ చేయించి, పొద్దున్నే ఎవరు కంప్యూటర్ తెరిచినా ముందు ఆ ఫోటో వెళ్లి తెర మీద నిలబడేలా సర్వర్‌కి ఆజ్ఞ ఇచ్చాను. తొమ్మిదింటికి అరవై మందీ ఒక్కసారే తెరిచారు. అంత బరువైన ఫోటో ఒక్కసారే అరవై చోట్లకి బయల్దేరి సన్నటి తీగల్లో ఇరుక్కుపోయింది. అరవై తెరల మీదా ఇసుక గడియారమే!

"అప్పన్న సందనోత్సవం లైన్లో కూడా ఇంతసేపు నిలబడలేదండీ బాబూ!" అంది డాక్యుమెంట్ల సెక్షన్ మేడమ్. మేనేజరుగారు పరుగున వచ్చారు. "రేవు బెర్తులో ఓడ ఉందయ్యా! మధ్యాహ్నంలోగా కాగితాలు వెళ్లకపోతే కదల్దు!"

"స్వామి ఫోటో బరువెక్కువైంది, తీసేస్తాను సార్."

"మొదటి రోజే స్వామిని తీసేస్తావా? బుద్ధుందా నీకు?" అని, ఓడవాళ్లకి ఫోన్ చేయడానికి వెళ్లిపోయారు.

నల్లతెర టీ గ్లాసుతో వచ్చాడు. "ఏటి సేసావ్ బావా?" చెప్పాను. నవ్వలేదు. (అతని స్థానంలో నేనుంటే నవ్వేవాణ్ణి, అదీ నాలుగు గదులకి వినిపించేలా.) "సామిని తీయక్కర్లేదు. బరువు తగ్గిత్తే సాలు. ముందు నీ బీరువాకున్న నెట్‌వర్కు తీగ పీకి నాదాంట్లో ఎట్టు." తీగ మార్చాను. స్టూడియో సీడీలోంచి ఫోటో తెరిచాక అతను ఆగి, నా వంక చూశాడు. "మేం సర్చికెల్లేవోళ్లం కదా బావా, నాకు తెలీదు. ఎంత సిన్నగా సెయ్యొచ్చు? తప్పేటీ కాదు కదా?"

స్వామి విషయంలో నాకు లేని జాగ్రత్త ఆ గొంతులో ఉంది. తప్పు కాదని తలాడించాను. అతను నల్లటి తెర మీద ఒకే ఒక్క వరస కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఆ తర్వాత చూసింది ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది. హాల్లో ఆ చివర ఒక తెర వెలిగింది. దాని పక్కది, ఆ పక్కది, తర్వాత వరసంతా. చూస్తుండగా అరవై తెరల మీద అరవైమంది అప్పన్నలు! మేడమ్ లేచి నిలబడి దండం పెట్టింది. నాకు మాత్రం ఆ మూతలేని డబ్బాకి పెట్టాలనిపించింది.

అంతలో మేనేజరుగారు వచ్చారు. హాలంతా చూసి, తిన్నగా నా బీరువా ముందుకెళ్లి చేతులు జోడించారు. "ఖరీదు ఊరికే పోదయ్యా! ఇదే కొందాం. సర్వర్ ఇన్‌ఛార్జిగా నీ పర్మనెంటు ఆర్డరు రేపే టైపు చేయిస్తాను." తీగ ఊడిన బీరువా పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటూ ఆ దండం అందుకుంది. నేనూ నా దండం అందుకున్నాను. నోరు విప్పలేదు. మధ్యాహ్నానికి ఓడ కదిలింది. నెలాఖరుకి నల్లతెర సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లకి మొన్న పెందుర్తిలో అతని కంప్యూటర్ల షాపు వెతుక్కుంటూ వెళ్లాను. క్షమాపణ దారంతా వల్లెవేసుకున్నాను కానీ, అక్కడ సగమే బయటికొచ్చింది. అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"ఆయాల నువ్వు సెప్తావేమోనని గుమ్మంకాడే నిలబడ్డాను బావా. శానాసేపు సూసాను. నీ మొగం సూత్తే జాలేసింది, టీకెల్పోయాను."

అని టీ తెప్పించాడు. తాగుతూ ఇద్దరం నవ్వాం. అతను ఓడ కదిలినందుకు నవ్వుంటాడు. నేను మాత్రం, ఒక్క వరసలో చెప్పేయాల్సిన నిజానికి ఇరవై ఏళ్లు తీసుకున్న ఆ కొత్త ఇన్‌ఛార్జిగారిని తల్చుకుని నవ్వాను.