మావయ్యగారి గజ్జెలు, మరువం వాసన

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. "మేడమ్, మా హాస్టల్లో రాత్రిళ్ళు ఏదో తిరుగుతోంది" అని ఎవరైనా వస్తే, ముందు ఎలకల మందు పెట్టించమని చెప్పే రకాన్ని. కాబట్టి ఇది చదివి "పాపం, ఈవిడకి మతి పోయింది" అనుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుంటాను.

మేం భవానీపురంలో ఉంటాం. నేను, మా వారు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హాసిని, మా అత్తగారు. మావయ్యగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనది కూచిపూడి. కుర్రతనం నుంచీ ఆడవేషాలు కట్టేవారు. ఆయన గజ్జెలు, అంటే తోలు పట్టీల మీద కుట్టిన ఇత్తడి మువ్వలు, అత్తగారి ట్రంకుపెట్టెలో ఉండేవి.

హాసిని ఐదేళ్ళుగా నాట్యం నేర్చుకుంటోంది. మొన్న వేసవిలో దానికి కూచిపూడిలోనే ప్రోగ్రాం కుదిరింది. "ఆయన గజ్జెలు ఆ ఊళ్ళో ఇంకొక్కసారి మోగాలి అమ్మాయ్. అది వింటే చాలు నాకు" అన్నారు అత్తగారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఆవిడకి అలవాటే లేదు.

పెట్టె తీశాం. అమ్మో! వానకి తడిసిన బూట్లలో ఎలక చచ్చినట్టు ఒకటే కంపు. హాసిని ముక్కు మూసుకుని బాల్కనీలోకి పరిగెత్తింది.

తప్పు ఎవరిదీ కాదు, భక్తిది. ఏటా విజయదశమికి అత్తగారు ఆ గజ్జెలకి పసుపునీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, తడి ఆరకుండానే పట్టుగుడ్డలో చుట్టి, దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టేవారట. తొమ్మిది దసరాల తడి! బూజు పట్టక ఏం చేస్తుంది? నేను ఆ మాట పైకే అనేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నా నోరే అంత, తర్వాత బాధపడ్డాను.

హాసిని కాలికి సరిపడా పట్టీలకి కొత్త చిల్లులు వేయించడానికి వన్ టౌన్‌లో చెప్పులూ బ్యాగులూ బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మూట విప్పి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. "నీళ్ళు తగలనివ్వకండమ్మా. ఎండలో అసలే పెట్టొద్దు, పెళుసైపోద్ది. నీడలో గాలి తగలాలి దీనికి" అంటూనే చిల్లులు వేసిచ్చాడు.

సరే, కెమిస్ట్రీ మేడమ్ రంగంలోకి దిగింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో బూజు పొడిపొడిగా దులిపాను. వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, తోలు లోపలివైపు మాత్రం తుడిచాను. మువ్వలకి తగిలితే చిలుము పడుతుంది. ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాను. కంపు సగం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాటికి, పుట్టింటికి వెళ్ళొచ్చినంత హుషారుగా మళ్ళీ వచ్చేసింది. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చి పక్కన పెట్టాను. కాఫీ పొడి పెట్టాను. కాఫీ పొడి కంపు కొట్టింది గానీ గజ్జెలు కాఫీ వాసన కొట్టలేదు.

ఇంతలో హాసిని డాన్స్ టీచర్ గారు కచ్చితంగా చెప్పేశారు. శుక్రవారం సాయంత్రం లోపు సంగతి తేలకపోతే కొత్త గజ్జెలే. ఏవైనా సరే, ఒక రోజైనా కట్టుకుని సాధన చెయ్యకపోతే ఆదివారం స్టేజి మీద పిల్ల తడబడుతుంది. న్యాయమైన మాటే. అత్తగారు "అలాగే కానివ్వండమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

బుధవారం ఉదయం ఆఖరి ప్రయత్నం చేశాను. పెద్ద స్టీలు డబ్బాలో అడుగున వంటసోడా పోసి, గజ్జెలు పెట్టి, పైన మళ్ళీ సోడాతో నిండా కప్పేశాను. మూత పెట్టి చుట్టూ టేపు వేశాను. డబ్బాని భోజనాల బల్ల మీద పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలయింది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. హాసిని టీవీ చూస్తోంది. అత్తగారు డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరితో మాట్లాడుతున్నారా అని తొంగిచూశాను.

"ఏమండీ, ఎల్లుండే పిల్ల ప్రోగ్రాం. అమ్మాయి చెయ్యగలిగిందంతా చేసింది. పాడుచేసింది నేనే. ఇక మీరే ఏదో ఒకటి చూడండి."

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, స్టవ్ కట్టేసి ఆవిడ దగ్గరికి వచ్చాను.

అప్పుడు డబ్బాలోంచి ఘల్లుమంది.

ఒక్కసారే. నాట్యంలో కాలు తాటించి నిలబడినప్పుడు మోగినట్టు. హాసిని టీవీ కట్టేసి "అమ్మా, విన్నావా?" అంది. విన్నాను. అత్తగారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. సోడాలో కూరుకుపోయిన మువ్వలు మోగవు. మూత తియ్యకముందే డబ్బా ఎత్తి నాలుగుసార్లు ఊపి చూశాను. పిండి డబ్బాలా దబ్బుదబ్బుమంది, అంతే. టేపు ఎక్కడా ఊడలేదు. నేనే కత్తితో కోశాను.

మూత తియ్యగానే మరువం వాసన!

గజ్జెలు బయటికి తీసి, దులిపి, ముక్కుకి ఆనించుకుని చూశాను. కంపు లేనే లేదు. సోడా కంపుని పీల్చుకుంటుంది, ఒప్పుకుంటాను, అందుకేగా పోసింది. మరువం వాసన ఎక్కణ్ణుంచి తెస్తుంది? మా వారికి పడదని మా ఇంట్లోకి మరువం రానివ్వం. "జడలో మరువం పెడితేగానీ ఆయన వేషం పూర్తయ్యేది కాదమ్మా" అన్నారు అత్తగారు, ఒకపక్క నవ్వుతూ, ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూ.

ఆరింటికి మా వారు ఆఫీసు నుంచి వచ్చారు. ఆయనకి ఎవరం ఏమీ చెప్పలేదు. గుమ్మంలో బూట్లు విప్పుతూనే తుమ్ములు మొదలు. ఏడు లెక్కపెట్టాం. "ఎవరే ఇంట్లోకి మరువం తెచ్చింది?" అని కేకలు. మేం ముగ్గురం పడీపడీ నవ్వాం. పాపం, ఆయనకి ఏమీ అర్థం కాలేదు. గజ్జెలు కట్టుకుని హాసిని హాలంతా గంతులేసింది.

ఆదివారం కూచిపూడిలో అది గజ్జెలు కళ్ళకద్దుకుని, కట్టుకుని స్టేజి ఎక్కింది. మొదటి అడుగు పడగానే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. పిల్ల దణ్ణం పెట్టి దిగేదాకా వదల్లేదు. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆవిడ మొహం అంతలా వెలిగిపోవడం నేను కాపురానికొచ్చాక చూళ్ళేదు. నాకు ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేను ఇంకా కారణాలు వెతుకుతూనే ఉన్నాను. వేడికి డబ్బా చప్పుడు చేసిందనుకుందామా అంటే, అది మువ్వల మోత. పక్కింటివాళ్ళ మరువం అనుకుందామా అంటే, పక్క ఫ్లాటు ఖాళీ. అప్పుడు ఏదీ అతకలేదు. ఇప్పటికీ అతకలేదు. ఉండబట్టలేక "అత్తయ్యా, అసలు ఎలా జరిగిందంటారు?" అని ఆవిణ్ణే అడిగాను.

ఆవిడ ఒళ్ళోని గజ్జెల సంచీ సర్దుకున్నారు.

"నాకేం తెలుసమ్మాయ్, చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి. నలభై ఏడేళ్ళ కాపురంలో నేను చెప్పిన పని ఆయన చెప్పగానే చెయ్యడం మాత్రం ఇదే మొదటిసారి."