బానెట్ ఎక్కిన బర్రె పాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. తెలంగాణ కొత్తగా వచ్చింది, నా చేతికి మైక్రోబయాలజీ డిగ్రీ కొత్తగా వచ్చింది. రెండింటికీ నేనే కారణమన్నట్టు మక్తల్ అంతా తిరిగేదాన్ని. అన్నం ఎందుకు పాసిపోతుంది, పాలు ఎందుకు పులుస్తాయి అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని (అడిగినవాళ్లు ఎవరూ లేరు). అంతలో జడ్చర్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. కిరాయికి గది కూడా చూశాం. మా నాన్న, అదే బాపు, మాత్రం ఒకే మాట అన్నాడు: "అవ్వ సరేనంటెనే పో." అవ్వ, అంటే బాపు తల్లి, పెట్టిన షరతు ఇది: మా బర్రె పాలు ఆ గదిలో పొంగాలి. పొంగకపోతే మూట సర్దుకుని వెనక్కి. నా ఉద్యోగం మొత్తం బర్రె పొదుగులో ఉందన్నమాట.

"ఎండకాలం అవ్వా, కాచి తీస్కపోదాం" అన్నాను. "ఈడ పొంగిస్తె శుభమంత ఈడనే అయిపాయె. ఆడికి ఎంగిలి శుభం మోస్కపోతమా?" అని కసిరింది. సరే, పొద్దున్నే పిండిన పచ్చిపాలు స్టీలు క్యానులో పోసి, చుట్టూ తడిగుడ్డ చుట్టాను (శాస్త్రం మరి!). అవ్వా నేనూ ఎక్కిన బస్సులో కాలు పెట్టే సందు లేదు. దారిలో చుక్క ఒలికినా అపశకునమని అవ్వ గోల. డ్రైవరు జాలిపడి, తన పక్కనున్న ఇంజను మూత చూపించి, "గీ బానెట్ మీద పెట్టుమ్మా. జర గట్టిగ పట్టుకో, తొణకదు" అన్నాడు. దేవరకద్ర రాకముందే తడిగుడ్డ అప్పడంలా ఎండిపోయింది. కాలేజీలో సూక్ష్మజీవులను పెంచాలంటే వెచ్చటి పెట్టెలో పెట్టేవాళ్లం. ఇక్కడ ఇంజను వేడి మీద, గతుకుల ఊయల ఊపుతూ మరీ అదే పని చేస్తున్నానని నా డిగ్రీకి తట్టనే లేదు. అవ్వ క్యాను తాకి చూసి, "ఇప్పుడే పిండినట్టున్నయి" అని మురిసిపోయింది. నేనూ మురిశాను.

జడ్చర్లలో గదికి చేరి పొయ్యి వెలిగించాం. ఇంటి ఓనరమ్మ పసుపు కుంకుమలతో వచ్చి నిలబడింది. గిన్నెలో పాలు పొంగుతాయని ముగ్గురం తొంగిచూస్తుంటే, అవి పొంగలేదు; ముక్కలు ముక్కలుగా విరిగి, పచ్చటి నీళ్లలో తేలాయి. "అయ్యో, ఇరిగినయి!" అని ఓనరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ చూపు నా మూట మీద పడింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులోనే పాఠం అందుకున్నాను.

"ఇల్లు చెడ్డది గాదవ్వా! పాలల్ల కంటికి కనిపించని పురుగులుంటయి. సల్లగుంటె పండుకుంటయి. వెచ్చగుంటె లేచి, పాలల్ల తీపి తిని పులుపు చేస్తయి. గా పులిసిన పాలు పొయ్యి మీద పెడితె ఇరుగుతయి. తప్పంత బానెట్‌ది!"

అవ్వ గరిటెతో ఒక ముక్కను తీసి చూసింది. "వెచ్చగుంటె పిల్లలు పెడ్తయా?"

"ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. ఇగ లెక్కనే ఉండదు."

"గట్లనా!" అవ్వ మొహం వెలిగిపోయింది. "జడ్చర్ల దిక్కు బయిల్దేరితెనే గంత సంతానమైతె, ఈడనే ఉంటె నీకింకెంత అచ్చొస్తదో! ఉండు బిడ్డా, ఉండు." నా జీవితంలో నేను చెప్పిన పాఠం ఒకరికి ఉపయోగపడింది అప్పుడే. విరిగిన పాలలో అవ్వ బెల్లం వేసి కలియబెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఓనరమ్మే రెండోసారి అడిగి పెట్టించుకుంది.

మొన్న మహబూబ్‌నగర్‌లో మా సొంతింట్లో పాలు పొంగించాం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, బుద్ధిగా పొంగి పొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రయాణం చేయలేక మక్తల్‌లోనే ఉండిపోయిన అవ్వకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"ఇరగలేదా?" అంది అవ్వ, దిగులుగా. "అయ్యో, మరెట్ల బిడ్డా?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. మిగిలిన పాలను మళ్లీ పొయ్యి మీద పెట్టి, డిగ్రీని పక్కన పెట్టి, నిమ్మకాయ పిండాను.